ఉప్పునీటి ఫ్లైల సామాను మారుస్తున్నాం, ధర కూడా కొంచెం పెరుగుతుంది

మా గిరాకీలందరికీ నమస్తే. విశాఖ, కాకినాడ వైపు 6, 7 నంబరు రాడ్లతో (నంబరు పెరిగేకొద్దీ బరువైన లైన్ విసిరే రాడ్) గాలం వేసేవాళ్ళకు హనుమకొండ నుంచి మేం కట్టి పంపే చిన్న ఫ్లైల, అంటే గాలం ముల్లుకు పోగులు కట్టి చేసే నకిలీ ఎరల తయారీ ఈ నెల నుంచి మారుతోంది. ఎందుకో చెప్తాను, చదివాక కొనాలా వద్దా మీరే చూసుకోండి.

"అన్నింటికన్నా తేలికైన ఫైబర్ ఏది అన్నా?" అని చాలామంది అడుగుతున్నారు. ప్యాకెట్‌లో ఎంత తేలికగా ఉందో చూసి లాభం లేదు. మళ్ళీ విసరడానికి ఫ్లై నీళ్ళలోంచి లేచి వెనక్కి వచ్చేటప్పుడు ఉండేదే అసలు బరువు. నైలాన్ పోగులు తమలోకి పీల్చుకునే నీరు కొంచెమే, పాలిస్టర్ పీల్చేది ఇంకా తక్కువ, పాలీప్రొపిలీన్ అయితే దాదాపు ఏమీ పీల్చదు. అయినా కొన్ని సింథటిక్ ఫ్లైలు తడి గుడ్డలా లాగుతాయి. పోగు లోపల కాదు, పోగుల మధ్య నీరు నిలవడం వల్ల. మెత్తటి సన్న పోగుల్ని ఒత్తుగా కట్టామా, ఆ నీరు ఒక పట్టాన వదలదు. 6 నంబరు లైన్ మొదటి 30 అడుగులు తూగేది సుమారు 10.4 గ్రాములే, 8 నంబరుకు 13.6. ఫ్లైని మోసుకెళ్ళేది ఆ లైన్ బరువే కాబట్టి తేడా వెంటనే చేతికి తెలుస్తుంది.

అందుకే ఇకనుంచి కొంచెం గట్టిగా, వంకులు తిరిగి ఉండే పోగునే రెక్కకు, అంటే ఫ్లై వీపు మీద కట్టే పోగుల గుత్తికి వాడతాం. వంకుల వల్ల తక్కువ పోగులతోనే నిండుగా కనబడుతుంది, నీరు త్వరగా జారిపోతుంది. నెత్తళ్ళలా సన్నగా కనబడాల్సిన ఫ్లైకి అయితే ఇంకా పలచగా కడతాం. పోగు అమ్ముకునేవాణ్ణే తక్కువ వాడమంటున్నాను, మా ఇంట్లో కూడా నవ్వుతున్నారు.

తోకకు మాత్రం మెత్తటి యాక్రిలిక్ బొచ్చు ఉంచుతున్నాం. నీళ్ళలో అది కదిలినట్టు ఇంకేదీ కదలదు. కానీ అడుగున ఉండే నూగును దువ్వెనతో పూర్తిగా తీసేయాలి, నీళ్ళు పట్టి ఉంచేది అదే. తోక పొడవు పెరిగితే విసిరేటప్పుడు గాలం వంపుకు చుట్టుకుంటుంది. అందుకే కింద నాలుగైదు గట్టి నైలాన్ పోగులు ఆసరాగా పెడుతున్నాం. చేతిపని పెరిగింది, ధర పెరగడానికి సగం కారణం అదే.

సవరం వెంట్రుకలు వాడొచ్చా అని అడుగుతున్నారు. వాడొచ్చు, చవక కూడా. అయితే తిన్నగా, జారుడుగా ఉండి తడవగానే ఒక్క పాయ అయిపోతాయి. నాకైతే నచ్చలేదు. జింక వెంట్రుకలు మాత్రం అడగకండి. మన అడవి జింకల వెంట్రుకలు అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

మొన్న ఒక సప్లయర్ పేరూ ఊరూ లేని కట్టలు పంపి అంతా నైలాన్ అన్నాడు. మాకు సముద్రం లేదు గానీ బకెట్ ఉంది. లీటరు నీళ్ళకు 35 గ్రాముల ఉప్పు కలిపి, ఒక చుక్క సబ్బు నీళ్ళు వేసి, పోగుల్ని వేళ్ళతో నలిపి వదిలాం. సబ్బు లేకపోతే గాలి బుడగలతో అన్నీ తేలి మోసం చేస్తాయి. నైలాన్ సాంద్రత 1.14, పాలిస్టర్ 1.38, సముద్రపు నీటిది 1.025 దాకా, కాబట్టి ఆ రెండూ మునగాలి. 0.91 ఉండే పాలీప్రొపిలీన్ తేలాలి. సగం కట్టలు తేలాయి, వాటిని వాపసు పంపాం. పాలీప్రొపిలీన్ చెడ్డదని కాదు, నీటి పైన నడిపే ఫ్లైలకు మాకు అదే కావాలి. చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితేనే తంటా.

ఫ్లై కళ్ళకు సీసం గుళ్ళు ఆపేసి స్టీలు గొలుసు పూసలు పెడుతున్నాం. తేలిక రాడ్‌తో సీసం విసిరితే చెవికి తగులుతుందేమోనని టెన్షనే. అలలు బలంగా ఉన్నచోట, లోతులో పండుగప్ప కోసం వేసేవాళ్ళకు ఈ కొత్త ఫ్లైలు సరిపోవు, 8 నంబరు వాళ్ళ పాత రకం అలాగే ఉంటుంది.

ఎండాకాలం కొరియర్‌లో పోగులు మడతలు పడి వస్తే వేడి నీళ్ళలో ముంచి, సాగదీసి ఆరబెట్టండి. మరిగే నీళ్ళు వద్దు. 6, 7 నంబరు వాళ్ళ పాత ఒత్తు ఫ్లైలు అయిపోయేదాకా తక్కువ ధరకే ఇస్తాం. ఆర్డర్ పెట్టేటప్పుడు రాడ్ నంబరు తప్పకుండా రాయండి.