కనుమల నడక, సైకిల్ యాత్రల విభాగం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఒడిశాలోని కొరాపుట్, సునాబెడ, సెమిలిగుడ, జయపురం పట్టణాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలతో ఏర్పడిన మన సంఘంలో, నడక, సైకిల్ యాత్రల విభాగం ఈ ఏడాది కొండ కనుమల మీదనే దృష్టి నిలిపింది. శిఖరం ఎక్కినవారు సాధారణంగా వచ్చిన వైపుకే తిరిగి దిగుతారు. కనుమ దాటినవారు మాత్రం వేరొక లోయలో, తరచుగా వేరొక భాష మాట్లాడే ఊరిలో దిగుతారు. మనలో చాలామంది పెద్దలు సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా ఘాటీ ఎక్కి వచ్చి ఇక్కడ కాపురాలు పెట్టినవారే కనుక, ఈ విషయం మనకు పరాయిది కాదని భావించి, ప్రపంచంలో కనుమ దారులను అత్యంత శ్రద్ధగా కాపాడుకుంటున్న ఆల్ప్స్ పర్వతాల గురించి తెలుసుకోవడానికి, ఆ వెలుగులో మన కొండదారులను మళ్లీ చూడడానికి పూనుకున్నాం.

నెలవారీ సమావేశాలలో ఆల్ప్స్ పటాలను బల్లపై పరచి ఒక్కొక్క కనుమ చరిత్రను చదువుకున్నాం. ఆ కొండల మీదుగా మనుషులు ఎంత కాలంగా రాకపోకలు సాగిస్తున్నారో చెప్పడానికి 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో, సుమారు 3,210 మీటర్ల ఎత్తున టిసెన్‌యోఖ్ కనుమ దగ్గర మంచులో దొరికిన మానవదేహం ఒక్కటే చాలు. అది దాదాపు 5,300 ఏళ్ల నాటిది. స్విట్జర్లాండ్ నుంచి గ్రిమ్‌సెల్, గ్రీస్ కనుమల మీదుగా కంచర గాడిదలపై చీజు ఇటలీకి తరలిన కథను చదివిన రోజున, సాలూరు వైపు నుంచి బంజారాలు పెరికెద్దులపై ఉప్పు వేసుకుని జయపురం, బస్తర్ ప్రాంతాలకు తోలుకువెళ్లిన సంగతులను మన పెద్దలు తమ తాతల నోట విన్నట్టుగా చెప్పారు. ఆ సాయంత్రం సమావేశం రాత్రి భోజనాల వేళ దాటేవరకు సాగింది.

ఆల్ప్స్ యాత్ర

సభ్యులలో కొందరు జూలై నెలాఖరున స్వంత ఖర్చుతో ఆల్ప్స్‌కు వెళ్లి వచ్చారు. అక్కడి ఎత్తయిన కనుమ రోడ్లు సాధారణంగా జూన్ నుంచి అక్టోబరు వరకే తెరిచి ఉంటాయి. మిగతా కాలమంతా మంచు కింద మూతపడి ఉంటాయి. ఒకే షెంజెన్ వీసాతో ఇటలీ, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, ఆస్ట్రియా దేశాలన్నిటిలో తిరగవచ్చు కాబట్టి, సరిహద్దు గీత కనుమ మీదనే ఉన్నప్పటికీ నడిచేవారిని ఎవరూ ఆపి అడగలేదు.

నడకకు మన బృందం మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ మూడు దేశాల గుండా సుమారు 170 కిలోమీటర్లు సాగే ప్రసిద్ధ కాలిబాటలో ఒక భాగాన్ని ఎంచుకుంది. ఇటలీ వైపు నుంచి 2,537 మీటర్ల ఎత్తున్న గ్రాండ్ కోల్ ఫెరే కనుమ ఎక్కి స్విట్జర్లాండ్‌లో దిగారు. స్విట్జర్లాండ్‌లో వారిని ఎక్కువగా ఆకట్టుకున్నవి పసుపుపచ్చని దారి పలకలు. వాటి మీద తర్వాతి ఊరు ఎన్ని కిలోమీటర్లని కాక, ఎంతసేపు నడవాలో రాసి ఉంటుంది. కొండ బాటలకు తెలుపు, ఎరుపు, తెలుపు చారలు, మరింత కఠినమైన వాటికి తెలుపు, నీలం, తెలుపు చారలు బండల మీద వేస్తారు. భాష రానివారు సైతం తమ శక్తికి మించిన దారిలో పొరపాటున అడుగుపెట్టకుండా ఆ రంగులు కాపాడతాయి.

అక్కడి నుంచి బస్సులో 2,469 మీటర్ల ఎత్తున్న గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమకు చేరారు. 1800 మే నెలలో నెపోలియన్ సైన్యం మంచులో ఈ కనుమనే దాటింది. అయితే ఈ కనుమకు అసలైన గౌరవం తెచ్చినది సైన్యం కాదు, పదకొండవ శతాబ్దంలో బెర్నార్డ్ అనే మతగురువు నెలకొల్పిన సత్రమని మా అభిప్రాయం. దారి తప్పినవారిని, మంచులో చిక్కుకున్నవారిని ఆదుకోవడానికి పుట్టిన ఆ సత్రం నేటికీ బాటసారులకు తలుపు తెరిచే ఉంచుతోంది. రోడ్డు మూతపడే శీతకాలంలో కాళ్లకు స్కీ పలకలు కట్టుకుని మంచు మీద జారుకుంటూ వచ్చేవారికి కూడా అక్కడ ఆశ్రయం దొరుకుతుంది. 1964లో కనుమ కింద సొరంగ మార్గం తెరవడంతో లారీలు, బస్సులు చాలావరకు కిందికి మళ్లి, పై రోడ్డు నడిచేవారికి, సైకిళ్లకు ప్రశాంతంగా మిగిలింది. స్విట్జర్లాండ్‌లోని గొట్హార్డ్ కనుమలో కూడా 1980లో రోడ్డు సొరంగం వచ్చాక, ట్రెమోలా అనే రాతిపలకల పాత దారిలో సైకిళ్లే ప్రధానంగా కనబడతాయి. ఈ సంగతి మన జిల్లాకు ఎందుకు ముఖ్యమో కింద వివరిస్తాం.

సైకిల్ యాత్రకు చివరిగా, ఇటలీలోని కష్టతరమైన స్టెల్వియో కనుమను ఉంచుకున్నారు. తన ఏలుబడిలోని లొంబార్డీ, టైరోల్ ప్రాంతాలను కలపడానికి ఆస్ట్రియా సామ్రాజ్యం 1820–25 మధ్య కార్లో దొనెగాని అనే ఇంజనీరు చేత ఈ రోడ్డు వేయించింది. 2,757 మీటర్ల ఎత్తున్న ఈ కనుమకు ప్రాతో ఊరి వైపు నుంచి ఎక్కితే 48 మలుపులు వస్తాయి. సుమారు 24 కిలోమీటర్లలో 1,800 మీటర్లు పైకి ఎక్కాలి. ప్రతి మలుపు దగ్గరా అంకె వేసిన రాయి ఉంటుంది, ఆ అంకెలు పైకి వెళ్లేకొద్దీ తగ్గుతూ వస్తాయి. 1953లో ఇటలీ సైకిల్ పందెం తొలిసారి ఈ కనుమను ఎక్కినప్పుడు ఇటలీ సైకిల్ వీరుడు ఫౌస్టో కోప్పి ఇక్కడే పందేన్ని తనవైపు తిప్పుకున్నారు. మన సభ్యులు పోటీ పడలేదు. తెల్లవారుజామున అద్దె సైకిళ్లతో బయలుదేరి, అడవి ముగిసే ఎత్తు దాటాక తరచుగా ఆగుతూ, అందరూ క్షేమంగా పైకి చేరారు. కనుమ పక్కనే ఉన్న చిన్న శిఖరం దగ్గర ఇటాలియన్, జర్మన్, రొమాన్ష్ మాట్లాడే ప్రాంతాలు మూడూ కలుస్తాయి. ఆ లోయలలోని ఊరి పేర్ల పలకలు రెండేసి భాషలలో ఉండడం, ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, సంతలో స్థానిక దేశియా భాష మాట్లాడే మనవారికి ఎంతో ఆత్మీయంగా అనిపించింది.

మన ఘాటీలు

సాలూరు–కొరాపుట్ రహదారిలో సుంకి ఘాటీ మీద భారీ లారీల రద్దీ కారణంగా అక్కడ సామూహిక సైకిల్ యాత్ర నిర్వహించరాదని కార్యవర్గం నిర్ణయించింది. యువ సభ్యులకు ఈ నిర్ణయం నచ్చలేదని తెలుసు. అయినా దాని మీదనే నిలబడుతున్నాం. దానికి బదులుగా ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన, 1,672 మీటర్ల దేవమాలి కొండ రోడ్డును శిక్షణకు ఎంచుకున్నాం. మన జిల్లా గుండా నిర్మాణంలో ఉన్న రాయపూర్–విశాఖపట్నం ఆరు వరుసల రహదారి పూర్తయితే లారీలలో కొంత భాగమైనా అటు మళ్లుతుందని, అప్పుడు సుంకి ఘాటీకి సెయింట్ బెర్నార్డ్ పాత రోడ్డుకు దక్కిన ప్రశాంతత దక్కవచ్చని ఆశిస్తున్నాం. ఆ రోజు వచ్చేనాటికి సిద్ధంగా ఉండడం మన బాధ్యత.

నడక కార్యక్రమంలో పొట్టంగి పరిసర గ్రామాల పెద్దల అనుమతి తీసుకుని, వారితో కలిసి వారి కాలిబాటలలో నడిచాం. కుందులి సంతకు అల్లం, పసుపు, చోళ్లు నెత్తిన పెట్టుకుని వెళ్లే స్త్రీలు వాడే బాటలు రోడ్ల కన్నా చాలా పాతవి. వర్షం నీరు బాటను కోసివేయకుండా ఎక్కడ మలుపు తిరగాలో, ఏ ఊట ఎండాకాలంలో కూడా పారుతుందో వారికి తెలుసు. ఎంత దూరమని అడిగితే వారు కూడా పొద్దు ఎక్కడికి వచ్చేసరికి చేరతామో చెబుతారే తప్ప కిలోమీటర్లు చెప్పరు. అందుకే బాటల వివరాలను నడక సమయం ప్రకారమే నమోదు చేస్తున్నాం. రోడ్డు వచ్చిన ఊళ్లలో పాత బాటలు తుప్పలు కమ్మి మూసుకుపోతున్నాయి కనుక ఈ పని వాయిదా వేయదగినది కాదు.

భద్రత

ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. చెమటతో తడిసిన ఒంటితో వేగంగా దిగేటప్పుడు చలి మరింత కొరుకుతుంది. కాబట్టి ఎండలో బయలుదేరినా గాలి చొరని కోటు వెంట ఉండవలసిందే. దిగువకు వచ్చేటప్పుడు బ్రేకును అదేపనిగా పట్టి ఉంచితే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. మలుపుకు ముందు గట్టిగా పట్టి, తిన్నని దారిలో వదలడం దేవమాలి రోడ్డు మీద అందరిచేతా సాధన చేయించాం. ఆల్ప్స్‌లో ఆపదలో ఉన్నవారు నిమిషానికి ఆరుసార్లు ఈల వేసి లేదా టార్చి వెలిగించి, ఒక నిమిషం ఆగి మళ్లీ చేస్తారు. విన్నవారు నిమిషానికి మూడుసార్లు బదులిస్తారు. ఫోను సిగ్నలు అందని మన కొండలలో కూడా ఇదే పద్ధతిని పాటించాలని తీర్మానించాం. సిగ్నలు ఉన్నచోట 112 అత్యవసర నంబరు ఆల్ప్స్‌లోనూ, మన దగ్గరా పనిచేస్తుంది.

జమాఖర్చులు, రానున్న ఏడాది

విభాగం ఖర్చులు చందాలకు లోబడే ఉన్నాయి. తనిఖీ చేసిన లెక్కలు కోశాధికారి వద్ద చూడవచ్చు.

స్టెల్వియో రోడ్డును ఏటా ఒక రోజు మోటారు వాహనాలకు మూసి సైకిళ్లకు విడిచిపెడతారు. దేవమాలి రోడ్డు మీద శీతకాలంలో ఒక ఉదయమైనా అటువంటి ఏర్పాటు చేయవలసిందిగా జిల్లా యంత్రాంగానికి ఒడియాలో వినతిపత్రం సిద్ధం చేశాం. సభ్యుల సంతకాలు కావాలి. గ్రామ పెద్దలు ఒప్పుకున్న కాలిబాటలకు ఒడియా, తెలుగు లిపులలో నడక సమయం తెలిపే చెక్క పలకలు పెట్టాలన్నది రెండవ ప్రతిపాదన. మీ కుటుంబ పెద్దలు ఘాటీ ఎక్కి వచ్చిన పాత దారుల వివరాలు, ఊటలు, మజిలీల పేర్లు తెలిసినవారు వానలు మొదలయ్యేలోగా కార్యదర్శికి రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.