మాహెబూర్‌లో మమ్మల్ని చేరదీసిన అక్కకు, ఆ ఊరివాళ్ళకు కృతజ్ఞతలు

2023 ఆగస్టులో హైదరాబాదు విడిచి మారిషస్ దీవికి వెళ్ళి, ఆగ్నేయ తీరంలోని మాహెబూర్ అనే చిన్న ఊళ్ళో ఏడాది గడిపి, నేనూ మావారూ క్షేమంగా తిరిగి వచ్చాము. అక్కడి నుంచి తిరుగు ప్రయాణమైన రోజు విమానాశ్రయంలో మమ్మల్ని సాగనంపడానికి వచ్చినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలని ముందే కూర్చుకున్నాను గాని, ఆ వేళకు గొంతు పెగలలేదు. అప్పుడు చెప్పలేకపోయిన మాటలను ఇక్కడ, నా వాళ్ళందరూ చదివే చోట, వివరంగా రాస్తున్నాను.

మేము ఎందుకు వెళ్ళామో తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. కొండాపూర్‌లో పదిహేనేళ్ళు ఉన్నాము. చివరి రెండేళ్ళలో మావారికి రక్తపోటు మందుల మోతాదు రెండుసార్లు పెరిగింది. నాకు తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టేది కాదు. ఒక్క ఏడాదైనా హారన్ల మోత లేని చోట ఉండి చూద్దామనుకున్నాము. దీవి బయట సంపాదన ఉన్నవాళ్ళు ఏడాదిపాటు అక్కడే ఉండి తమ పని తాము చేసుకునేందుకు మారిషస్ ప్రభుత్వం 2020లో ప్రీమియం వీసా తెచ్చింది. మేము వెళ్ళినప్పటి నియమం ప్రకారం నెలకు కనీసం 1500 అమెరికన్ డాలర్ల ఆదాయం చూపాలి, అక్కడివాళ్ళ ఉద్యోగాలలో చేరకూడదు. అప్పుడు వీసాకు రుసుము లేదు. గడియారం మనకన్నా గంటన్నర మాత్రమే వెనక ఉంటుంది కనుక మా ఆఫీసు పనికి ఇబ్బంది ఉండదని నేను లెక్క వేసి చూపించినప్పుడు, ఆ లెక్కను ఓపికగా విని, పైవాళ్ళతో తానే మాట్లాడి ఒప్పించిన మా మేనేజరుగారికి మొదటి నమస్కారం. అమ్మను ఏడాదిలో పది నెలలు తన దగ్గర పెట్టుకుని, ఒక్కరోజు కూడా "మీరు ఎప్పుడొస్తారు" అని అడగని మా తమ్ముడికీ మరదలికీ నేను ఏమి ఇచ్చినా తక్కువే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇక్కడి నుంచే ఇంటర్నెట్‌లో ఒక ఇల్లు చూసుకుని, మధ్యవర్తి అడిగినట్టు రెండు నెలల అద్దె అడ్వాన్సుగా పంపాము. తీరా సామానుతో ఆ ఇంటి ముందు దిగేసరికి అందులో వేరే కుటుంబం కాపురముంటోంది. వాళ్ళకు మా సంగతి గాని, ఆ మధ్యవర్తి పేరు గాని తెలియదు. ఫోను మోగుతోంది గాని ఎవరూ ఎత్తడం లేదు. సాయంత్రం ఆరు కావస్తోంది, ఆగస్టు అక్కడ చలికాలం కాబట్టి చీకటి తొందరగా పడుతోంది, సన్నని జల్లు కూడా మొదలైంది. మమ్మల్ని తీసుకొచ్చిన టాక్సీ డ్రైవరు బాడుగ పుచ్చుకుని వెళ్ళిపోయి ఉండవచ్చు. ఆయన వెళ్ళలేదు. నాలుగు పెట్టెలనూ మళ్ళీ డిక్కీలోకి ఎక్కించి, తనకు తెలిసినవాళ్ళకు ఒకరి తరవాత ఒకరికి ఫోను చేసి, అరగంట తరవాత మమ్మల్ని ఒక మేడ ఇంటి ముందు దించాడు. అలా తిప్పినందుకు పైసా తీసుకోలేదు. అయ్యా, మీరు తెలుగు చదవలేరని తెలుసు. మీ అబ్బాయికి ఈ మాటలను ఇంగ్లీషులో పంపుతున్నాను, ఆయన మీకు చదివి వినిపిస్తారు.

ఆ మేడ ఇంటి గుమ్మంలో, గంధం రంగు షాలువా కప్పుకుని నిలబడి ఉన్న ఆమే మా అక్క. మేము ఏ ప్రాంతంవాళ్ళమని డ్రైవరును ఆ దీవివాళ్ళు మాట్లాడుకునే క్రియోల్ భాషలో అడిగారు. "తెలుగు" అన్న ఒక్క మాట నా చెవిన పడింది. ఆమె గబగబా లోపలికి వెళ్ళి, దేవుడి గదిలో దీపం పక్కన ఉన్న సింహాద్రి అప్పన్న పటాన్ని రెండు చేతులతో పట్టుకుని వచ్చి మాకు చూపించారు. విజయనగరంలో పుట్టి పెరిగిన నాకు ఆ పటం చూడగానే కాళ్ళలో బలం వచ్చింది. తెల్లవారితే వేరే ఇల్లు వెతుక్కుంటామని నేను ఇంగ్లీషులో అంటూనే ఉన్నాను, ఆమె అప్పటికే పై అంతస్తు తాళం తీయించారు. ఏడాదీ ఆ పై అంతస్తులోనే ఉన్నాము. మొదటి నెల అద్దె తీసుకోలేదు. పోయిన డబ్బు పోయింది, కుదురుకున్నాక చూద్దామన్నారు.

అక్క ముత్తాతగారి కాలంలో వాళ్ళ కుటుంబం చెరకు తోటల కూలికి ఆ దీవికి వచ్చింది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కినవాళ్ళు గనుక అక్కడ తెలుగువాళ్ళను చాలాకాలం కోరంగివాళ్ళనే పిలిచేవారట. అక్క చిన్నప్పుడు బడిలో తెలుగు అక్షరాలు నేర్చుకున్నారు. నేను తీసుకువెళ్ళిన వారపత్రికను కూడబలుక్కుని పైకి చదువుతారు, అర్థం మాత్రం నన్ను అడుగుతారు. "మిమ్మల్ని అక్కా అని పిలవవచ్చా" అని నేను అడిగిన రోజు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తమ అమ్మమ్మ నోట విన్న తరవాత ఆ పిలుపు తమ ఇంట్లో మళ్ళీ వినపడలేదని మర్నాడు చెప్పారు.

మాహెబూర్‌లో సోమవారం సంత. మొదటి నెలంతా అక్క నన్ను వెంటబెట్టుకుని తీసుకువెళ్ళి, ఏ అమ్మకందారు దగ్గర ఏది కొనాలో, ధర ఎలా అడగాలో నేర్పారు. అక్కడివాళ్ళు కొత్తిమీరను కోతోమిలి అంటారు, కరివేపాకును కారిపులే అంటారు, ఆకుకూరలన్నిటినీ బ్రేద్ అంటారు. ఒక సోమవారం ఒక ముసలమ్మ బుట్టలో నుంచి లేత కట్ట తీసి "బ్రేద్ మురూమ్" అని నా చేతిలో పెట్టింది. చూస్తే మునగాకు! రెమ్మలింకా తడిగా ఉన్నాయి, కాడ విరిస్తే ఆ పచ్చి ఘాటు వాసన మా పెరటి వాసనే. ఆ పూట పెసరపప్పు వేసి వండి కిందికి పంపాను. అక్క వెల్లుల్లి వేసి పులుసులా కాచిన మునగాకును పైకి పంపారు. అది మొదలు వారానికి ఒకసారి గిన్నెలు మెట్లెక్కి దిగుతూనే ఉన్నాయి, ఖాళీ గిన్నె మాత్రం ఏనాడూ తిరిగి రాలేదు.

2024 జనవరి 15ను మరచిపోలేను. మనకు సంక్రాంతి, అక్కడ బెలాల్ తుపాను. తుపాను దగ్గరపడుతున్నకొద్దీ అక్కడ ఒకటి నుంచి నాలుగు వరకు హెచ్చరికలు ఇస్తారు, నాలుగో స్థాయి అంటే గంటకు 120 కిలోమీటర్ల ఈదురుగాలులు వచ్చేశాయని అర్థం. మేము ఉత్తరాంధ్రవాళ్ళం, తుపానులు ఎరగనివాళ్ళం కాము, అయినా పరాయిచోట ఏమి చేయాలో తోచలేదు. భోగినాటి సాయంత్రమే చేపల వేటకు వెళ్ళే అక్క తమ్ముడు వచ్చి, మా బాల్కనీలోని కుండీలను ఒక్కొక్కటే లోపలికి మోశాడు, అద్దాల కిటికీలకు బయటి తలుపులు బిగించి తాడు కట్టాడు, బకెట్లూ గిన్నెలూ అన్నీ నీళ్ళతో నింపించాడు. తన పడవను అంతకుముందే ఒడ్డుకు లాగి పెట్టుకున్నాడో లేదో నేను అడగలేదు. ఆ తెలివి నాకు రెండు రోజుల తరవాత వచ్చింది, ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. మర్నాడు రాజధాని పోర్ట్ లూయీ వీధుల్లో వరద నీటికి కార్లు కొట్టుకుపోయాయి. మా వీధిలో కరెంటు పోయింది, గాలి రోజంతా ఒకే స్థాయిలో హోరుమంది. అక్క మమ్మల్ని కిందికి పిలిపించుకున్నారు. కొవ్వొత్తి వెలుగులో, గ్యాసు పొయ్యి మీద, నేను బియ్యం పెసరపప్పు కలిపి బెల్లం వేసి పొంగలి వండాను. ఆ కుటుంబంలోని ఏడుగురూ మేమిద్దరమూ అదే తిని పండుగ చేసుకున్నాము.

మార్చిలో అమ్మ వచ్చి రెండు నెలలు ఉంది. ఆవిడకు తెలుగు తప్ప వేరే భాష రాదు, అక్కకు నాలుగు తెలుగు మాటలు తప్ప తెలియవు. అయినా నేను ఆఫీసు పనిలో ఉన్న వేళల్లో వాళ్ళిద్దరూ వరండాలో కూర్చుని కూరగాయలు తరుగుతూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. కోతోమిలి, మురూమ్, అమ్మోరు, దీపం, గోవిందా: ఈ మాటలతోనే వాళ్ళకు పని జరిగిపోయేది. ఏప్రిల్ 9న ఉగాది వచ్చింది. మారిషస్‌లో ఉగాదికి దేశమంతటికీ ప్రభుత్వ సెలవు; ఆ సంగతి అమ్మకు చెబితే నమ్మక, అక్కను మళ్ళీ అడిగి రూఢి చేసుకుంది. మామిడి కాపు అక్కడ డిసెంబరు, జనవరిలలోనే అయిపోతుంది కాబట్టి పచ్చడికి మామిడికాయ దొరకలేదు. అమ్మ చిన్నబుచ్చుకుంటే అక్క ఫ్రి సితేర్ అనే పుల్లని కాయలు నాలుగు తెచ్చి, సన్నగా తరిగి ఇచ్చారు. ఆ రాత్రి వాళ్ళ బంధువుల ఇంట్లో దీపపు సెమ్మె చుట్టూ తిరుగుతూ రామభజన చేశారు. పాటల్లో మాటలు కొంత అరిగిపోయాయి, వరస చెక్కు చెదరలేదు. అమ్మ లేచి వాళ్ళతో అడుగు కలిపింది. మోకాళ్ళ నొప్పితో ఇంట్లో గడప దాటడానికి గోడ పట్టుకునే మనిషి, గంటన్నర ఆ వలయంలో తిరిగింది.

మరో రోజు డ్రైవరుగారు సెలవు పెట్టుకుని మరీ మమ్మల్ని పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌కు తీసుకువెళ్ళారు. 1834 తరవాత భారతదేశం నుంచి వచ్చిన కూలీలు ఓడ దిగి ఎక్కిన పదహారు రాతి మెట్లు అక్కడ ఉన్నాయి. 2006లో యునెస్కో ఆ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్క ఆ మెట్ల దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డారు. అమ్మ కూడా విప్పింది. అక్కడ ఎవరమూ ఏమీ మాట్లాడుకోలేదు.

మావారికి మే నెలలో విడవని జ్వరం వచ్చినప్పుడు ఆదివారమని కూడా చూడకుండా దుకాణం తెరిచి మందులిచ్చిన మందుల షాపు యజమానికి, మూడు రోజులు బత్తాయి రసం పంపిన ఎదురింటి ముస్లిం కుటుంబానికి, నేను దిగవలసిన స్టాపు దాటిపోతుంటే ప్రతిసారీ నా కన్నా ముందే గంట కొట్టిన బస్సు కండక్టరుగారికి నా ధన్యవాదాలు. మావారి మందుల మోతాదు ఇప్పుడు తగ్గింది. నేను రాత్రి పడుకుంటే ఐదున్నరకు గాని లేవడం లేదు. ఇది గాలి మార్పు వల్ల వచ్చిందని అందరూ అంటున్నారు. గాలి మంచిదే, కాని ఆ ఊళ్ళో మాకు కష్టం వచ్చినప్పుడు ఎవరి తలుపు తట్టాలా అని ఆలోచించే అవసరం రాలేదు, నాకు నిద్ర పట్టింది అందువల్లనే.

అక్కకు నేను ఒక మాట ఇచ్చాను. అక్కడి మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మా గాంధీ సంస్థలో కూలీల వలస రికార్డులు భద్రపరిచారు. అక్కడి నుంచి తెప్పించుకున్న ముత్తాతగారి కాగితాన్ని అక్క ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకున్నారు. అందులో ఆయన నంబరు, తండ్రి పేరు, జిల్లా విజగపటం అని ఉన్నాయి. ఊరి పేరు మాత్రం ఆనాటి గుమాస్తా చెవికి వినపడినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు, నేను ఎన్ని విధాల పలికి చూసినా ఒక ఊరికి కుదరడం లేదు. ఆ కాగితం నకలు ఇప్పుడు అమ్మ దగ్గర ఉంది. బొబ్బిలి, చీపురుపల్లి, శృంగవరపుకోట వైపున ఉన్న బంధువులందరికీ ఆవిడ ఫోను చేసి ఆ పేరును నాలుగైదు రకాలుగా పలికి అడుగుతోంది.

అక్క, వాళ్ళ తమ్ముడు వచ్చే కార్తికంలో సింహాచలం దర్శనానికి వస్తున్నారు. జీవితంలో మొదటిసారి. విశాఖపట్నంలో దిగగానే మా ఇంటికే తీసుకురావాలని, వాళ్ళను ఏ హోటల్లోనూ ఉంచకూడదని అమ్మ మా తమ్ముడికి ఇప్పటికే చెప్పి ఉంచింది. పై గదికి సున్నం వేయిస్తున్నాము.