షిరిడీ యాత్రలో అజంతాకూ ఒక రోజు ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గర పడుతున్న కొద్దీ మన రెండు రాష్ట్రాల్లోనూ షిరిడీ యాత్రల ప్రకటనలు ఎక్కువవుతాయి. షిరిడీ, శని శింగణాపూర్, ఘృష్ణేశ్వర జ్యోతిర్లింగం, ఎల్లోరా అన్నింటినీ ఒక్క ఊపులో చుట్టివచ్చే ఈ యాత్రల్లో ఎల్లోరాకు దక్కేది మహా అయితే గంటన్నర, అజంతాకు అదీ లేదు. మా కుటుంబం వెళ్లిన బస్సులోనూ ఇదే జరిగింది. కైలాసనాథుని ఆలయ ప్రాంగణంలో అడుగుపెట్టిన కాసేపటికే బస్సు హారన్ మోగింది. తరువాత మేము విడిగా వెళ్లి రెండు చోట్లనూ తీరిగ్గా చూశాం కనుక, ఆ తొందరలో ఏమి చేజారుతుందో చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఎల్లోరాలో బౌద్ధ, హిందూ, జైన గుహలు కలిపి 34 ఉన్నాయి. బస్సుల్లో వచ్చేవారు సాధారణంగా చూసేది 16వ గుహ ఒక్కటే, అదే కైలాసనాథుని ఆలయం. రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుని కాలంలో, 8వ శతాబ్దంలో, ఆ ఆలయాన్ని కొండ పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చారు. అంటే శిఖరం ముందు, పునాది చివర. ఒక ఉలి దెబ్బ తప్పితే పోయిన రాయిని తిరిగి అతికించే వీలు లేదు. ఈ సంగతి ప్రాంగణంలో నిలబడితే బోధపడదు, పక్కనున్న కొండ దారిన పైకెక్కి శిఖరాన్ని కిందికి చూస్తేనే తెలుస్తుంది. ఆ ఎక్కి దిగడానికే గంట పడుతుంది.

అజంతా సంగతి వేరు. అక్కడ వాఘోరా వాగు వంపు వెంట గుర్రపు నాడా ఆకారంలో 30 గుహలు ఉన్నాయి. 1వ గుహలో అడుగుపెట్టగానే చీకటి తప్ప ఏమీ కనిపించదు. రంగులు వెలిసిపోకుండా అక్కడ దీపాలు మందంగా ఉంచుతారు, ఫ్లాష్‌తో ఫొటోలు తీయనివ్వరు. కొన్ని నిమిషాలు ఓపికగా నిలబడితే కళ్లు ఆ వెలుగుకు అలవాటు పడి, చేతిలో కలువతో, వాలిన కనురెప్పలతో గోడ మీది చిత్రంలోని బోధిసత్త్వుడు పద్మపాణి నెమ్మదిగా బయటపడతాడు. తల మీది కిరీటం, మెడలోని ముత్యాలు, ఒకవైపుకు ఒరిగిన నడుము ఒకదాని తరువాత ఒకటి తేలుతాయి. మట్టి, ఊక, నారపీచు కలిపి రాతి గోడకు మెత్తి, పైన సున్నపు పూత వేసి, అది ఆరిన తరువాత వేసిన రంగులివి. తొందరపడేవారు "ఏముంది, నల్లగా ఉంది" అనుకుని వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను, ఎంతో బాధ కలిగింది.

10వ గుహలోని పాత చిత్రాలు క్రీస్తుకు పూర్వపువి. అదే గుహలో, 1819లో వేటకు వచ్చి ఈ గుహలను చూసిన బ్రిటిష్ అధికారి జాన్ స్మిత్ తన పేరు, తేదీ చెక్కుకున్నాడు. రెండు వందల ఏళ్ల కిందటి ఆ చేష్టను మనవాళ్లు ఈనాటికీ స్మారకాల మీద కొనసాగిస్తున్నారు. రక్షిత కట్టడాలను పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయని పిల్లలకు బయలుదేరే ముందే చెప్పాలి.

అజంతా మనకు పరాయిది కాదు. నిజాం పాలనలో అది హైదరాబాద్ సంస్థానంలోనే ఉండేది. గులాం యజ్దానీ నడిపిన ఆ సంస్థానపు పురావస్తు శాఖే 1920ల ఆరంభంలో ఇటలీ నిపుణులను రప్పించి చిత్రాల సంరక్షణ చేయించింది. ఆ చిత్రాల నకళ్లు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఉన్నాయి. యాత్రకు ముందు వాటిని చూసి వెళితే, గుహలోని చీకట్లో ఏది వెతకాలో ముందే తెలుస్తుంది.

యాత్రల నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే. షిరిడీ ప్యాకేజీకి ఒక రోజు పెంచి అజంతాకు ఇవ్వండి, ఎల్లోరాకు కనీసం సగం పూట కేటాయించండి. అదనపు ఖర్చు భరించడానికి సిద్ధంగా ఉన్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. టికెట్ తీసుకునేవారు కూడా ఈ మాట గట్టిగా అడగాలి. అజంతాకు సోమవారం, ఎల్లోరాకు మంగళవారం సెలవు కనుక తేదీలు చూసుకోవాలి. అజంతా దగ్గర సొంత వాహనాలు సుమారు 4 కిలోమీటర్ల ముందే ఆగిపోతాయి, అక్కడి నుంచి బస్సులు నడుస్తాయి. మెట్లు ఎక్కలేని పెద్దలకు డోలీలు దొరుకుతాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ