గ్రూపులో లేనివాళ్ల సంగతి

చి. శ్రావ్యకు నాన్న ఆశీస్సులు.

ఫోన్‌లో చెబితే సగంలోనే "అది కాదు నాన్నా" అంటావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

మన జిరాక్స్ షాపు సిస్టమ్‌ల గురించి మీ లైనక్స్ గ్రూపువాళ్లు చెప్పినవన్నీ, నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లతో సహా చదివాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. మన పాత ఐ3 మీద విండోస్ 11 ఎక్కదు. నిక్షేపంలా ఉన్న సిస్టమ్‌ని పాత సామానుకి వేసే బదులు, విండోస్ స్థానంలో ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసుకోమనడం మంచి సలహానే. జనం తెచ్చే పెన్‌డ్రైవ్‌లలోని వైరస్‌లతో నేను పడే బాధ నీకు తెలియంది కాదు. కాబట్టి వాళ్లది తప్పని వాదించడానికి కాదు ఈ ఉత్తరం.

మన బల్ల మీదున్న ప్రింటర్ కెనాన్ ఎల్‌బీపీ 2900. మండలాఫీసు రోడ్డులో చాలా జిరాక్స్ షాపుల్లో అదే. రీఫిల్ చౌక, పాడైతే వీధి చివరి కుర్రాడే బాగుచేస్తాడు. దానికి లైనక్స్‌లో డ్రైవర్ పడటం లేదని మీ గ్రూపులో ఒకాయన అడిగాడు చూడు. "నాకు బానే పనిచేస్తోంది" అని ఒకరు. టెర్మినల్‌లో కొట్టమని ఏవో లైన్లు ఇచ్చారు ఇంకొకరు. "అసలా ప్రింటర్ మార్చేయండి" అని మూడో ఆయన. అడిగినాయన మళ్లీ కనపడలేదు. సమస్య తీరిపోయిందని మీరనుకుని ఉంటారు. ఆయన మళ్లీ విండోస్ ఎక్కించుకుని తన పనిలో పడ్డాడని నా లెక్క. కుదిరినవాళ్లు గ్రూపులో ఉండిపోతారు, కుదరనివాళ్లు చెప్పాపెట్టకుండా వెళ్లిపోతారు. ఇలా కొన్నేళ్లు గడిస్తే ఎవర్ని అడిగినా "చాలా ఈజీ" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు. కష్టమన్నవాడు అక్కడ లేడంతే.

పేజ్‌మేకర్ సంగతి ఇంకా తమాషా. "2001 నాటి సాఫ్ట్‌వేర్ ఇంకా వాడుతున్నారా!" అని నవ్వుల బొమ్మలు పెట్టారు. వాడుతున్నామమ్మా. ఇక్కడ పెళ్లికార్డులు, కరపత్రాలు, దినకర్మ కార్డులు ఇప్పటికీ చాలావరకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే తయారవుతాయి. అందులో మనకి కనపడేది తెలుగే గానీ, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే, కాపీ చేసి వాట్సాప్‌లో వేస్తే, పిచ్చి గీతలు వస్తాయి. పెళ్లివారేమో ఫోన్‌లో యూనికోడ్‌లో, అంటే ఎక్కడ తెరిచినా తెలుగు తెలుగులాగే కనపడే పద్ధతిలో, కొట్టిన మేటర్ పంపుతారు. దాన్ని అను కోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేస్తే ఎక్కడో ఓ వత్తు ఎగిరిపోతుంది. పెళ్లికొడుకు తాతగారి పేరులో వత్తు పోతే ఆ కార్డులు ఎవరు తీసుకుంటారు? అందుకే ప్రతి మాటా మళ్లీ చదువుతాను. ఇదంతా నువ్వు మీ గ్రూపులో చెప్పావు. అను అంటే ఏంటని ఒక్కరైనా అడిగారా? "యూనికోడ్‌కి మారమనండి" అనేశారు. ఇరవై ఏళ్ల పాత ఫైళ్లున్న హార్డ్‌డిస్క్‌ని మార్చేది ఎవరు?

మొన్న ఓ పెద్దాయన ఆధార్ ప్రింటు కోసం వచ్చాడు. ఓటీపీ హైదరాబాదులో ఉన్న మనవడి నంబరుకి పోయింది. వాడు డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తలేదు. ఎత్తేసరికి ఓటీపీ టైమ్ అయిపోయింది. మళ్లీ పంపించుకుని పీడీఎఫ్ దించితే పాస్‌వర్డ్ అడిగింది. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, ఆ పక్కనే పుట్టిన సంవత్సరం కొట్టాలని నాకు తెలుసు, నీకు తెలుసు. పుట్టిన సంవత్సరం ఎంత తాతా అంటే, "ఉప్పెన వచ్చేటప్పటికి నాకు పెళ్లయి రెండేళ్లు" అన్నాడు. మన దివిసీమ ఉప్పెన 1977లో కదా, అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసి ఒకటి కొడితే తెరుచుకోలేదు. ఆధార్ తీసినరోజు ఆపరేటర్ ఏ సంవత్సరం ఊహించి రాశాడో! ఇంటికి ఫోన్ చేసి రేషన్ కార్డు వెతికించాక పని అయింది. ఇంతా చేసి ఆయన అడిగిందేంటో తెలుసా? "ఈ కాగితం పోతే మళ్లీ నువ్వే తీస్తావుగా?" అని. పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ వాడని వాళ్లకి బుద్ధి లేదని మీ గ్రూపులో ఒకాయన రాశాడే, ఆయన్ని ఒక్క పూట మన కౌంటర్‌లో కూర్చోబెట్టాలని ఉంది.

ఇది పల్లెటూరి వెనకబాటు అనుకోకు. 2011, 2015 మధ్య ఓఈసీడీ అనే దేశాల కూటమి వాళ్లు ఎక్కువగా ధనిక దేశాల్లోనే పెద్దవాళ్ల నైపుణ్యాలను పరీక్షించారు. దాదాపు నలుగురిలో ఒకరు కంప్యూటర్ మీద చేసే ఆ పరీక్ష దాకానే రాలేదు. అన్నింటికన్నా కష్టమైన మెట్టు ఎక్కగలిగింది నూటికి ఐదుగురు. మీ గ్రూపులో అందరూ ఆ ఐదుగురిలోనివాళ్లే. వాళ్లలో వాళ్లు పోల్చుకుంటే సిస్టమ్‌లో లైనక్స్ సొంతంగా ఎక్కించుకోగలిగినవాడు కూడా "బేసిక్" మాత్రమే వచ్చినవాడిలా కనపడతాడు.

మా వాట్సాప్ గ్రూపు మాత్రం తక్కువ తినలేదులే. డీటీపీ, అంటే కంప్యూటర్‌లో అచ్చుపేజీలు కూర్చే ఆపరేటర్లమంతా కలిసి యూనికోడ్‌లో ప్రింటింగ్ జరగదు, వత్తులు విరుగుతాయి అని ఏళ్ల తరబడి ఒకరికొకరం చెప్పుకుంటున్నాం. పేజ్‌మేకర్‌లో అది నిజం. దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్ సరిగ్గా పెట్టుకుంటే నిజం కాదు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లు గూగుల్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి. ఓ కుర్రాడు యూనికోడ్‌లో చేసిన కార్డు గ్రూపులో పెడితే "ఒక కార్డుకేముందిలే, సీజన్‌లో చూపించు" అన్నారు పెద్దలు. అతనూ మళ్లీ ఏమీ పెట్టలేదు. మీ గ్రూపు, మా గ్రూపు ఎదురెదురుగా కూర్చుంటే బాగుండును. ఎవరి గదిలో వాళ్లకి చప్పట్లు.

ఒక్క విషయంలో మాత్రం మీవాళ్లు చెప్పాక నేను పద్ధతి మార్చాను. జనం వాట్సాప్‌లో పంపిన ఆధార్‌లు, పాస్‌బుక్కులు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పేరుకుపోయేవి. జిరాక్స్ షాపుకి ఫైల్ పంపకండి అన్నది వాళ్ల సలహా. ఇంట్లో ప్రింటర్ లేనివాడు ఇంకెవరికి పంపుతాడు? కానీ భయం సబబే. అందుకని రోజూ షట్టర్ దించే ముందు ఆ ఫోల్డర్, రీసైకిల్ బిన్, వాట్సాప్ చాట్‌లు ఖాళీ చేస్తున్నాను. షాపువాడు ఏం చేయాలో కూడా చెప్పి ఉంటే నాకింకా పనికొచ్చేది.

ఇప్పుడు మన పని. పేజ్‌మేకర్ ఉన్న సిస్టమ్‌కి నెట్ పీకేశాను, అది విండోస్ 10తోనే ఉంటుంది. దాని జోలికి రాకు. ఫ్రంట్ కౌంటర్ సిస్టమ్ నీ ఇష్టం, మింట్ వెయ్యి. షరతులు రెండే: 2900లో ప్రింటు రావాలి, నేను లేనప్పుడు మీ అమ్మ నిన్ను అడక్కుండా పీడీఎఫ్ తెరిచి ప్రింటు ఇవ్వగలగాలి. అది అయ్యాక ఎక్కడెక్కడ చిక్కుపడ్డావో, అమ్మ ఎక్కడ ఆగిపోయిందో పూసగుచ్చినట్టు మీ గ్రూపులో రాయి. కుదరకపోతే అది కూడా రాయి, చెప్పకుండా ఊరుకోకు.

సంక్రాంతికి ఎటూ వస్తావుగా, ఓ రోజు ముందే రా. పండగ దాటితే మాఘమాసం పెళ్లికార్డులు మీద పడతాయి, సిస్టమ్ ముట్టుకోనివ్వను. కౌంటర్ సిస్టమ్‌కి ఎస్ఎస్‌డీ (కొత్తరకం హార్డ్‌డిస్క్) అక్కడే కొనుక్కొచ్చెయ్, డబ్బులు ఫోన్‌పే చేస్తాను.

నాన్న
అవనిగడ్డ