చదును రోడ్డు మీద కుదిపే కారు గురించి

రాజమహేంద్రవరం

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు తాతగారి అంబాసిడర్ గురించి చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, తెల్లవారేదాకా వాటినే తిరగేస్తూ కూర్చున్నాను. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది కనుక, బానెట్ ఎత్తి పక్కన పెట్టుకుని చదువుకునేలా ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిప్పురవ్వకు వోల్టేజి పుట్టించే కాయిల్, ప్లగ్గులు, వైర్లు, గాలిలో పెట్రోలు కలిపే కార్బరేటర్ కిట్ అన్నీ ఒకేసారి మార్చేద్దామని షెడ్డులో అన్నారన్నావు. దానికి ఒప్పుకోవద్దు తల్లీ. అన్నీ కలిపి మారిస్తే, కారు బాగుపడినా చెడిందేదో తెలియకుండా పోతుంది. బాగుపడకపోతే కొత్తగా వేసిన సామానులోనే ఏదైనా లోపముందేమోనన్న అనుమానం అదనంగా వచ్చి కూర్చుంటుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక నడిపి చూడాలి.

నువ్వు చెప్పినవాటిలో నాకు బాగా పనికివచ్చిన మాట ఒకటుంది. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు కారు శుభ్రంగా లాగుతోందనీ, ఆనందపురం దారిలో చదును మీద యాభై వేగంతో తేలికగా పోతున్నప్పుడే కుదుపులు వస్తున్నాయనీ అన్నావు. మామూలుగా మిస్సింగ్, అంటే సిలిండరులో మిశ్రమం సరిగా అంటుకోక ఇంజన్ తడబడటం, దీనికి తలకిందులుగా ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ బాగా తొక్కుతాము కాబట్టి సిలిండర్లలోకి ఎక్కువ మిశ్రమం చేరి, లోపల ఒత్తిడి పెరిగి, ప్లగ్గు సందులో నిప్పురవ్వ దూకడానికి మరింత ఎక్కువ వోల్టేజి కావలసి వస్తుంది. కాయిల్ బలహీనపడినా, ఆ వోల్టేజిని వరుసగా ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతలో పగులున్నా, ప్లగ్గు వైరు లీకవుతున్నా, ఆ లోపం అక్కడే బయటపడుతుంది. నీ కారు కొండ మీద తడబడటం లేదంటే వీటిని నేను ముందు అనుమానించను.

నువ్వు మూడో తరగతిలో ఉండగా మనం ఇదే కారులో మారేడుమిల్లి మీదుగా భద్రాచలం వెళ్లాం. ఆ ప్రయాణానికి ముందు నెల రోజులుగా కారు మిస్ కొడుతూనే ఉంటే, నేను ప్లగ్గులు మార్చాను, కాయిల్ మార్చాను, కండెన్సర్ రెండుసార్లు మార్చాను. ఘాటు రోడ్డు మొదలయ్యేసరికి ఇక మధ్యలో ఆగిపోతుందని భయపడుతుంటే, అది రెండో గేరులో ఏ తడబాటూ లేకుండా మలుపులన్నీ ఎక్కేసింది. ఘాటు దిగి చింతూరు వైపు చదునులోకి రాగానే కుదుపులు మళ్లీ మొదలయ్యాయి. బరువు మీద లేని జబ్బు తేలికగా పోతుంటే ఎందుకు వస్తుందన్న ప్రశ్న ఆ రోజంతా నన్ను వదలలేదు.

జవాబు డిస్ట్రిబ్యూటర్‌లోనే ఉంది. దాని పక్కన గుండ్రని రేకు డబ్బా ఒకటి, అందులోంచి కార్బరేటర్‌కు సన్నని గొట్టం ఒకటి ఉంటాయి. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి సాఫీగా పోతున్నప్పుడు ఆ గొట్టంలో వ్యాక్యూమ్ ఏర్పడి, లోపల పాయింట్లు (కాయిల్ కరెంటును కలుపుతూ తెంపుతూ ఉండే చిన్న మొనలు) బిగించిన పళ్లేన్ని కొంచెం తిప్పి, టైమింగ్‌ను ముందుకు జరుపుతుంది, అంటే నిప్పురవ్వ కొంచెం ముందుగా పడుతుంది. పూర్తిగా తొక్కితే వ్యాక్యూమ్ పడిపోయి పళ్లెం వెనక్కి వస్తుంది. ఆ పళ్లెం నుంచి డిస్ట్రిబ్యూటర్ ఒంటికి ఎర్త్ కోసం చిటికెన వేలంత పొడవైన అల్లిక తీగ ఉంటుంది. ఏళ్ల తరబడి అటూ ఇటూ వంగి వంగి దాని పోగులు తెగిపోతాయి. పళ్లెం వెనక్కి ఉన్నప్పుడు తెగిన కొసలు తగులుతూ కరెంటు పారుతుంది, తిరిగినప్పుడు కొసలు విడిపోతాయి. అందుకే ఘాటులో కారు లాగింది, చదునులో కుదిపింది. ఆ తీగ దొరికిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు నువ్వు చేయవలసింది చెబుతాను. హ్యాండ్ బ్రేకు వేసి, చున్నీ తీసి పక్కన పెట్టి, జడ ముడి వేసుకో. ఇంజన్ నడుస్తుంటే రేడియేటర్ వెనుక ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఆ సన్నని గొట్టాన్ని కార్బరేటర్ దగ్గర ఊడదీసి, శుభ్రంగా తుడిచి, నోటితో పీల్చి, నాలుకతో మూసి పట్టుకో. రేకు డబ్బాలోని పొర బాగుంటే గొట్టం నాలుకను పట్టుకునే ఉంటుంది. గాలి వస్తూనే ఉంటే పొర చిరిగినట్టు. తరువాత ఇంజన్ ఐడిలింగ్‌లో ఉంచి మళ్లీ పీల్చు. మామూలుగా అయితే వేగం కొద్దిగా పెరగాలి. దానికి బదులు తడబడితే జబ్బు పళ్లెం దగ్గరే ఉంది. తడబడకుండా సాఫీగా వేగం పెరిగితే, కార్బరేటర్ జెట్టులో చెత్త చేరి మిశ్రమం పలచబడిందేమో చూడాలి. చదును మీది కుదుపుకు అదీ కారణం కావచ్చు. ఇంకో పరీక్ష కూడా ఉంది: గొట్టం ఊడదీసి, కార్బరేటర్ వైపు రంధ్రం మూసి, అదే ఆనందపురం దారిలో ఒకసారి నడిపి చూడు. కుదుపు మాయమైతే ఇక అనుమానమే లేదు.

అప్పుడు ఇగ్నిషన్ ఆపి, మూత తీసి, పళ్లేన్ని వేలితో మెల్లగా తిప్పుతూ తీగలు రెండూ చూడు: ఎర్త్ అల్లిక ఒకటి, బయటి నుంచి పాయింట్లకు వచ్చే తీగ ఒకటి. రెండూ అలాగే తెగుతాయి. కొన్నిసార్లు పైతొడుగు బాగానే ఉండి లోపలి రాగి మాత్రమే తెగిపోతుంది కనుక కంటిని ఒక్కదాన్నే నమ్మకుండా, మల్టీమీటరు ఒక కొస పళ్లేనికీ, మరొకటి డిస్ట్రిబ్యూటర్ ఒంటికీ పెట్టి తిప్పుతూ చూడు. అంకె సున్నా దగ్గరే నిలకడగా ఉండాలి. కొత్త తీగ వేయవలసి వస్తే ఇంట్లో దొరికే గట్టి వైరు వాడవద్దు. సన్నని పోగులు ఎన్నో ఉన్న మెత్తని రాగి తీగే కావాలి, టంకం కొసలకు మాత్రమే పెట్టాలి. టంకం తీగ పొడవునా పాకితే అది బిరుసెక్కి వారం తిరగకుండానే మళ్లీ తెగుతుంది.

ఎటూ మూత తీస్తావు కాబట్టి పాయింట్ల గ్యాప్ కూడా చూసుకో. వాటిని తెరిచే కామ్ మొన మీద ఉన్నప్పుడు 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే సుమారు 0.38 మిల్లీమీటర్లు ఉండాలి. గ్యాప్ మారిస్తే టైమింగ్ కూడా మారుతుంది. తగ్గితే వెనక్కీ, పెరిగితే ముందుకూ జరుగుతుంది. అందువల్ల గ్యాప్ ముందు, టైమింగ్ తరువాత సరిచేయాలి. పాయింట్లు మూసుకుని ఉండగా ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేయకు, కాయిల్ గుండా సుమారు 4 ఆంపియర్లు ఆగకుండా పారి అది కాలిపోతుంది. ప్లగ్గు గ్యాప్ 25 థౌ. వైర్లు ఊడదీసేముందు నంబర్లు వేసుకో. ఫైరింగ్ వరుస, అంటే సిలిండర్లలో నిప్పురవ్వ పడే క్రమం, 1-3-4-2.

ప్లగ్గులు విప్పినప్పుడు ఏ సిలిండరుది ఆ వరుసలోనే పేర్చి ఫొటో పంపు. నాలుగూ లేత గోధుమరంగులో ఉంటే ఇంజన్‌కు ఏ దిగులూ లేదు. ఒక్కటే పెట్రోలుతో తడిసి ఉంటే దాన్ని పక్క సిలిండరు ప్లగ్గుతో మార్చి చూడు. తడి ప్లగ్గుతోపాటు వెళితే ప్లగ్గుది తప్పు, అక్కడే ఉండిపోతే వైరుదో, మూతదో.

గ్యాప్ కొలిచే ఫీలర్ గేజీ, నేను దాచి ఉంచిన అల్లిక తీగ ముక్క రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తాను. అవి అందేలోపు గొట్టం పీల్చి చూసి ఏమైందో చెప్పు.

ఇట్లు,
నాన్న