పిల్లులకు చేప పెట్టేవారికి

కళింగపట్నం నుంచి వచ్చిన కవ్వళ్లు, నెత్తళ్లు లాంటి చిన్న సముద్రపు చేపలు పిల్లికి పచ్చిగా వేయకండి. వాటిలోని థయామినేజ్ అనే ఎంజైమ్ బి1 విటమిన్‌ను పాడుచేస్తుంది. అలాగే తింటూ పోతే పిల్లి తిండి మానేస్తుంది, తూలుతుంది, మెడ కిందికి వాలిపోతుంది. అలా కనిపిస్తే ఆ రోజే పశువుల డాక్టరుకు చూపించండి.

ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది. ఉప్పూకారం లేకుండా ఉత్త నీళ్లలో 10 నిమిషాలు ఉడికించి, చల్లారాక ముక్కను వేళ్లతో నలపండి. కంటికి ఆనని సన్నముల్లు వేలికి తగులుతుంది. 4 కిలోల పిల్లికి 15-20 గ్రాములు, వారానికి రెండుసార్లు చాలు.

పులుసు ముక్క కడిగినా వద్దు, ఉల్లి వెల్లుల్లి లోపలికి దిగి ఉంటాయి, పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఎండుచేప అసలే వద్దు, ఉప్పెక్కువ. ఐస్ లేక మెత్తబడ్డ కానాగంత చేపల్లో పుట్టే హిస్టమిన్ అనే విషపదార్థం ఉడికించినా పోదు.