ముగ్గురు పిల్లలున్నా ఆట ఆడించవచ్చు

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో మండల స్థాయి స్కూల్ గేమ్స్ గురించి వచ్చిన వార్త చదివాను. చాలా హైస్కూళ్ల నుంచి జట్లే రాలేదట. పిల్లలకు ఆటల మీద ఆసక్తి తగ్గిపోయిందని, అందరూ సెల్‌ఫోన్లకు అతుక్కుపోయారని ఒక అధికారి అన్నట్టు రాశారు. ఆ మాట చదివిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. ఎవరైనా జవాబు రాస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఊరు. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఒకప్పుడు నాలుగొందల మంది చదివేవాళ్లం. ఇప్పుడు ఆరు నుంచి పది దాకా కలిపి 71 మంది. 1980ల్లో మా డ్రిల్లు మాష్టారు ఊళ్లో చందాలు పోగుచేసి బడి వెనక బాస్కెట్‌బాల్ కోర్టు వేయించారు. పల్లెటూరి బడికి ఈ ఆటేమిటని అడిగినవాళ్లకు ఆయన చెప్పిన జవాబు ఒకటే: "ఐదుగురు చాలు బాబూ, జట్టు అయిపోద్ది." రింగు సరిగ్గా పది అడుగుల ఎత్తున ఉండాలని టేపు పట్టుకుని తనే నిచ్చెనెక్కి కొలిచారు. మా కాళ్లకు బూట్లు లేవు. ఎండకు కాలిన సిమెంటు మీద పరిగెత్తి అరికాళ్లు బొబ్బలెక్కితే సాయంత్రం కూర్చోబెట్టి కొబ్బరినూనె రాసేవారు. బడుల మధ్య జరిగే గ్రిగ్ ఆటల పోటీలకు మమ్మల్ని లారీ ఎక్కించుకుని తీసుకెళ్లి, గెలిచినా ఓడినా టిఫిన్ పెట్టించి మరీ ఇంటికి చేర్చేవారు.

ఆయన రిటైరయ్యాక ఇంకొకరు వచ్చారు, ఆయనా బాగానే ఆడించారు. తర్వాత రేషనలైజేషన్ అన్నారు. పిల్లలు తక్కువున్నారు కాబట్టి పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడి) పోస్టు మిగులు అని తేల్చి ఆయన్ని వేరే ఊరికి పంపేశారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కోర్టులో ఒకవైపు స్తంభం ఒరిగిపోయింది. తోటలే కూకటివేళ్లతో లేచిపోయిన రోజులవి, స్తంభం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఇన్నేళ్లయినా అది అలాగే ఉంది. ఇప్పుడు ఆ సిమెంటు మీద జీడిపిక్కలు ఆరబోస్తున్నారు.

ఈమధ్య ఒక సాయంత్రం అటువైపు నడుస్తుంటే బంతి చప్పుడు వినిపించింది. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి, నిలబడి ఉన్న ఆ ఒక్క రింగులోకి పాత వాలీబాల్ విసురుతోంది. జీడిపిక్కలు తొక్కకుండా పక్కపక్కనే అడుగులేస్తూ, బంతి వాటి మీద పడితే ఒక్కొక్కటీ ఏరి మళ్లీ కుప్పలో వేస్తూ ఆడుతున్నారు. రింగుకి వల లేదు. బంతి లోపల్నుంచి పడిందా, పక్కనుంచి పోయిందా అని వాళ్లలో వాళ్లకే తగువు. "పోటీలకు వెళ్లలేదామ్మా?" అని అడిగాను. "మాకు టీం లేదు తాతా, ముగ్గురమే ఉన్నాం" అంది ఆ పిల్ల. ఆసక్తి లేదన్న అధికారి ఆ పూట మా ఊరు వచ్చి ఉంటే బాగుండేది.

ఆ 71 మందిలో ఆడపిల్లలు 34 మంది. పోటీలు అండర్-14, అండర్-17 అని వేర్వేరుగా పెడతారు, ఆడపిల్లలకు, మగపిల్లలకు మళ్లీ వేర్వేరు. అంటే ఒక్కో జట్టుకు ఎంచుకోవడానికి పదిహేను, ఇరవై మందే మిగులుతారు. అందులో ఒంట్లో బాగోలేనివాళ్లు, ఇంట్లో పంపనివాళ్లు, పదో తరగతి స్పెషల్ క్లాసులని కదలనివ్వనివాళ్లు పోగా ఇంకెందరు? ఖోఖోకి బరిలోకే తొమ్మిది మంది కావాలి, కబడ్డీకి ఏడుగురు. పైగా తర్ఫీదు ఇచ్చేవాడు లేడు, తీసుకెళ్లేవాడు లేడు. లెక్కల మాష్టారు ఒకసారి తనే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తే, ఆ రోజు ఆన్‌లైన్ హాజరు ఎందుకు ఆలస్యమైందని సంజాయిషీ అడిగారు. ఆ తర్వాత ఆయనా మానేశారు. జట్టు రాలేదని రాసేముందు ఈ సంగతులు ఎవరైనా కనుక్కున్నారా?

తప్పంతా ఇక్కడి అధికారులదే అనను. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే చిక్కుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద మంది దాటితేనే వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుణ్ణి పెట్టాలని అందులో రాశారు. తొంభై మంది ఉన్న బడి పిల్లలకు కాళ్లూ చేతులూ లేవా? అదే షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని కూడా ఉంది. మా పిల్లల్ని పొద్దున్నే పసుపు బస్సులెక్కించుకుని పోతున్న ప్రైవేటు బడుల్లో ఎన్నిటికి ఆటస్థలం ఉంది? కింద షాపులు, పైన క్లాసులు, డాబా మీద ప్రేయరు. వాటికి గుర్తింపు రెన్యువల్ అవుతూనే ఉంది. సర్కారు బడిలో నాలుగెకరాల స్థలం ఉండి ఆడించే మాష్టారు లేడు, అక్కడ మాష్టారు ఉన్నా నిలబడే జాగా లేదు. తల్లిదండ్రులు ఇక్కడ ఆటలూ లేవు, ఏమీ లేవు అని పిల్లల్ని మాన్పిస్తారు. సంఖ్య ఇంకా తగ్గుతుంది, ఇంకో పోస్టు పోతుంది.

సమగ్ర శిక్ష పథకం కింద హైస్కూలుకు ఏటా గరిష్ఠంగా 25,000 రూపాయల దాకా ఆటసామగ్రికి ఇవ్వవచ్చు. మా బడికి వచ్చిన సామగ్రి హెచ్ఎం గదిలో బీరువాలో భద్రంగా ఉంది. బయటకు తీస్తే పాడవుతాయని, లెక్క చెప్పాల్సి వస్తుందని భయం. ఆగస్టు 29న ధ్యాన్‌చంద్ పటానికి దండ వేసి, పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించి, ఫోటోలు అప్‌లోడ్ చేశారు. ఆ రోజు కూడా బీరువా తాళం తీయలేదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటా 2 నుంచి 3 శాతానికి పెంచారు. మంచి పని, చేసినవాళ్లకు దండం పెడతాను. కానీ జట్టే లేని బడి పిల్లకు సర్టిఫికెట్ ఎక్కడ్నుంచి వస్తుంది? ఆ 3 శాతంలో ఉద్దానం పిల్లకు చోటెక్కడ?

ఇది కోడి రామమూర్తి గారి జిల్లా. 2022 దాకా మా జిల్లాలోనే ఉన్న వీరఘట్టంలో పుట్టిన ఆ మల్లయోధుడు సైదాపేటలో శిక్షణ తీసుకుని వచ్చి మొదట చేసిన ఉద్యోగం విజయనగరంలో తాను చదివిన బడిలోనే వ్యాయామ శిక్షకుడిగా. అంటే ఆయనా డ్రిల్లు మాష్టారే. 2000లో సిడ్నీలో పతకం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయిన కరణం మల్లీశ్వరిది ఊసవానిపేట. ఊసవానిపేట ఎంత ఊరు? జనాభా లెక్కేసి ఇక్కడ ఆట అక్కర్లేదని అప్పుడెవరైనా తేల్చి ఉంటే ఏమయ్యేది?

నేను అడిగేవి పెద్ద పనులు కావు. త్రీ బై త్రీ బాస్కెట్‌బాల్ అని ఒకటుంది, టోక్యో ఒలింపిక్స్ నుంచి అదీ పతకాల ఆటే. బరిలో ముగ్గురు, అదనంగా ఒకరు, సగం కోర్టు, ఒక్కటే రింగు. పది నిమిషాలు లేదా 21 పాయింట్లు, ఏది ముందైతే అది. మా బడిలో సరిగ్గా అదే ఉంది: సగం కోర్టు, ఒక రింగు, ముగ్గురు పిల్లలు. చిన్న బడులకు మండల స్థాయిలో ఈ పోటీ పెట్టండి. అలాగే పక్కపక్క ఊళ్ల బడులు రెండు మూడు కలిసి ఒకే జట్టుగా రావడానికి ఒప్పుకోండి. అమెరికాలో నెబ్రాస్కా వంటి రాష్ట్రాల్లో పల్లెటూరి హైస్కూళ్లకు పిల్లలు చాలక ఇలాగే కలిసి ఆడుతున్నారు, అక్కడ దానికి పద్ధతి ప్రకారం అనుమతి ఉంది. వాళ్లకు చిన్నతనం కానిది మనకెందుకు కావాలి? ఇక పీఈటీని బడికొకరిని ఇవ్వలేకపోతే మూడు బడులకు ఒకర్ని ఇవ్వండి, వారానికి రెండు పూటలైనా వస్తారు.

ఆ పిల్లలు ముగ్గురూ ఇప్పటికీ సాయంత్రం అక్కడే ఉంటున్నారు. జీడిపిక్కలు ఆరబోసేవాళ్లతో మాట్లాడాం, రింగు కింద జాగా వదిలేస్తామన్నారు. రింగుకి వల, ఒక మంచి బంతి మేం పూర్వ విద్యార్థులం కొంటున్నాం. స్తంభం నిలబెట్టడానికి కూడా చందా వేసుకుంటాం. మాష్టారిని మాత్రం మేం కొనలేం, ఆయన్ని జిల్లా విద్యాశాఖే పంపాలి.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థి,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా